రాత్రి నిద్ర పట్టిందా?

మన ఇళ్ళకి చుట్టం వస్తే మర్నాడు పొద్దున్నే ఇంటి ఇల్లాలు అడిగే మొదటి మాట ఒకటుంది. "రాత్రి నిద్ర పట్టిందా అండీ? కొత్త చోటు కదా!" కాఫీ సంగతి ఆ తర్వాతే. దోమలు కుట్టాయా, ఫాను గాలి తగిలిందా, తలగడ ఎత్తయిందా అని ఆరా తీస్తుంది. పైసా పుచ్చుకోని మనిషి అడిగే ఈ ప్రశ్న, రోజుకింత అని పుచ్చుకుని గది ఇచ్చేవాడు మనల్ని ఎన్నడైనా అడిగాడా? "ఎన్నింటికి ఖాళీ చేస్తారు?" అని అడుగుతాడు. ఈ మధ్య ఐదు నక్షత్రాలు ఇమ్మని ఫోనుకి సందేశం కూడా పంపుతున్నాడు. నిద్ర ఊసు మాత్రం ఎత్తడు.

ఇప్పుడు హోటలు వ్యాపారంలో బాగా వినబడుతున్న మాట ‘వెల్‌నెస్’. మన భాషలో చెప్పాలంటే అతిథి ఒళ్ళు, మనసు కులాసాగా ఉండేటట్లు చూడడం. మాట మంచిదే. కానీ దాని పేరుతో జరుగుతున్నదేమిటయ్యా అంటే - ఒక ఆవిరి గది, ఒక మసాజు బల్ల, సువాసన కొవ్వొత్తులు, వరండాలో ఒక బుద్ధుడి బొమ్మ. వీటికి వేరే బిల్లు! నేను ఆవిరి గదికి శత్రువుని కాను. కానీ నాలుగు వందల గజాల్లో నాలుగంతస్తులు లేపి, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ తగిలేటట్లు కట్టి, ఆ మీద కొవ్వొత్తి వెలిగిస్తే అతిథికి ఒరిగేదేమిటి? అతిథి క్షేమం మంచం దగ్గర, గాలి దగ్గర, నీళ్ళ దగ్గర, స్విచ్చి దగ్గర మొదలవుతుంది. అది ప్లాను గీసేటప్పుడే తేలిపోయే విషయం. తర్వాత అతికించేది కాదు.

ఇదంతా డబ్బున్న వాళ్ళ గొడవ, విద్యార్థుల సావనీరులో ఎందుకు అంటారేమో. లాడ్జి గదుల్లో దిగేదెవరో ఒక్కసారి చూడండి. ప్రవేశ పరీక్ష రాయడానికి పరాయి ఊరు వెళ్ళిన కుర్రాడు, తోడు వచ్చిన తండ్రి. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళిన మన సీనియర్. పెద్దాసుపత్రిలో మనిషిని చేర్పించి, రాత్రి ఎక్కడో ఒకచోట నడుం వాల్చాలనుకునే బంధువులు. మందుల కంపెనీ రిప్రజెంటేటివులు, సరుకు కొనడానికి వచ్చే చిన్న వర్తకులు. వీళ్ళెవరూ విలాసానికి రాలేదు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి వీళ్ళందరికీ పనుంది. ఏడాది పొడుగునా చదివిన చదువు ఒక్క రాత్రి నిద్ర లేకపోవడం వల్ల పరీక్ష హాల్లో మసకబారిందంటే దానికి బాధ్యుడెవరు?

అసలు మనవాళ్ళకి ‘హోటలు’ అంటే ఇడ్లీ, సాంబారు, కాఫీ. పడుకునే చోటు ‘లాడ్జి’. ఈ భేదం ఊరికే రాలేదు. మన సాహిత్యం తిరగేస్తే, ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన ‘క్రీడాభిరామం’లో ఒక రూకకి కమ్మని భోజనం దొరికే పూటకూళ్ళ ఇల్లుంది. ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ ఉండనే ఉంది. కోనసీమలో లంకల గన్నవరం దగ్గర గోదావరి పాయ దాటే బాటసారులకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు ఇప్పటికీ చెప్పుకుంటాం. బాటసారి ఆకలి గురించి మనం పట్టించుకున్నంతగా అతని నిద్ర గురించి పట్టించుకోలేదేమో అనిపిస్తుంది. సత్రం అరుగు మీద చాప పరుచుకోవడం, తల కింద మూట పెట్టుకోవడం, అంతే. అయితే ఆ అరుగుకి ఒక సుగుణం ఉండేది: గాలి. ఇప్పటి గదికి అదీ లేదు!

పాలకులు పట్టించుకున్నారా అంటే, ఒక విధంగా పట్టించుకున్నారు. 1867లో బ్రిటిషు ప్రభుత్వం సరాయిల చట్టం చేసింది. గదులు, వరండాలు, కాలవలు శుభ్రంగా ఉంచాలి, నీళ్ళు తోడే బావులు బాగు చేయించాలి, కాపలావాళ్ళని పెట్టాలి, అద్దెల పట్టీ అందరికీ కనబడేటట్లు తగిలించాలి - ఇవన్నీ సరాయి నడిపేవాడి బాధ్యతలని అందులో రాశారు. దొంగలు ఎక్కి దిగడానికి వీలిచ్చే చెట్టుకొమ్మలు కొట్టించాలని కూడా ఉంది. నూట యాభై ఏళ్ళ కిందటి కాయితమే గానీ, దాన్ని పట్టుకుని మన బస్టాండు వెనక వీధి ఒక్కసారి చుట్టిరండి. ఎన్ని లాడ్జీలు పాసవుతాయో మీకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక అమెరికన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. పేరు ఎల్స్‌వర్త్ స్టాట్లర్. 1863లో పుట్టాడు. బీద కుటుంబం. చిన్నతనంలోనే గాజు కర్మాగారంలో కూలి చేశాడు. పదమూడో ఏట వీలింగ్ అనే ఊళ్ళో ఒక హోటల్లో బెల్ బాయ్‌గా, అంటే గంట కొడితే పరుగెత్తి సామాను మోసే కుర్రాడుగా చేరాడు. ఆ మెట్లెక్కి దిగిన కుర్రాడు 1908లో బఫెలో నగరంలో సొంత హోటలు కట్టాడు. ఒకటిన్నర డాలరుకి గది, గదికో స్నానాలగది - ఇదీ అతని ప్రకటన. అప్పటికి మామూలు హోటళ్ళలో వరండా చివరి స్నానాలగది అందరికీ ఉమ్మడి. గది గదికీ స్నానాలగది అంటే కోటీశ్వరుల మాట. మరి ఇతను అంత తక్కువకి ఎలా ఇచ్చాడు? ఇంజనీరింగు మిత్రులు గమనించాలి. పక్కపక్క గదుల స్నానాలగదుల్ని వీపు వీపు ఆనించి కట్టి, రెంటికీ మధ్య నిలువుగా ఒకే బిలం వదిలి, పైనుంచి కిందిదాకా గొట్టాలన్నీ అందులోంచి దింపాడు. గొట్టాల ఖర్చు తగ్గింది, మరమ్మతుకి వెళ్ళడం తేలికయింది. ఇవాళ మన ఊళ్ళో కట్టే అపార్టుమెంట్లలో కూడా ఆ బిలం ఉంది. దాని వెనక సామాను మోసిన ఒక కుర్రాడి బుర్ర ఉందని మనకి తెలియదు, అంతే.

స్టాట్లర్ అక్కడితో ఆగలేదు. చీకట్లో తాళం చెవి పెట్టేవాడి చేతికి పిడి అడ్డం వస్తోందని తాళం కన్నాన్ని పిడికి పైన పెట్టించాడు. లోపల కాలు పెట్టగానే చేతికందేటట్లు తలుపు పక్కనే దీపం స్విచ్చి బిగించాడు. గదిలో చల్లటి మంచినీళ్ళు వచ్చే ఏర్పాటు, నిలువుటద్దం, పొద్దున్నే ఉచితంగా వార్తాపత్రిక. ఇందులో ఏదీ గొప్ప ఆవిష్కరణ కాదు. రాత్రి పదకొండింటికి, రెండు చేతుల్లోనూ సామానుతో, అలసిపోయి గది ముందు నిలబడ్డ మనిషి ఎలా తడుముకుంటాడో ఇతను కళ్ళారా చూశాడు. అలా చూసినవాడే హోటలు కడితే ఇలా ఉంటుంది. మన దగ్గర ప్లాను గీసేవాడు ఏసీ గదిలో కూర్చుని గీస్తాడు. కట్టించేవాడు తన లాడ్జిలో తాను ఒక్క రాత్రయినా పడుకోడు. ఆ గదుల్లో రోజూ తిరిగే రూమ్ బాయ్‌ని అడిగే నాథుడే లేడు!

కొత్త చోట నిద్ర పట్టదన్న మన ఇల్లాళ్ళ మాట వట్టిది కాదని శాస్త్రజ్ఞులు తేల్చారు. 2016లో అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మసాకో తమాకి, యుకా ససాకి బృందం ఒక చక్కని ప్రయోగం ప్రచురించింది. కొత్త చోట పడుకున్న మొదటి రాత్రి మెదడు ఎడమ భాగం కుడి భాగమంత గాఢంగా నిద్రపోదట. కాపలా కుక్కలాగ ఒక చెవి రిక్కించుకునే ఉంటుందన్నమాట. ఏదైనా వింత చప్పుడైతే ఆ భాగమే ముందు ఉలిక్కిపడుతుంది. తర్వాతి సారి అదే చోట పడుకుంటే ఈ తేడా కనబడలేదు. మన సంగతి చూడండి: లాడ్జిలో మనం ఉండేదే ఒక్క రాత్రి. అంటే మెదడు కాపలా కాసే రాత్రి! అలాంటి రాత్రి వరండాలో బకెట్టు ఈడ్చిన చప్పుడు, పక్క గది టీవీ, కింద జనరేటరు, లిఫ్టు తలుపు గణగణ. పడకగదిలో ఎడతెగని చప్పుడు 30 డెసిబెల్స్ మించకూడదని, ఉండుండి వచ్చే చప్పుడు 45 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జిలో ఆ లెక్క అడగడం కూడా హాస్యమే.

రోడ్డుని నిశ్శబ్దం చెయ్యడం లాడ్జి యజమాని తరం కాదు, ఒప్పుకుంటాను. కానీ లోపలి చప్పుడు అతని చేతిలో ఉంది కదా? గదికీ గదికీ మధ్య నాలుగున్నర అంగుళాల గోడ లేపుతారు. కొన్నిచోట్ల అది కూడా ఉండదు, ప్లైవుడ్డు చెక్కే. ఆ చెక్క స్లాబు దాకా వెళ్ళదు, ఫాల్స్ సీలింగు దగ్గర ఆగిపోతుంది. పైనుంచి పక్క గదివాళ్ళ సంసారం మొత్తం వినబడుతుంది. తలుపు కింద అంగుళం సందు. సందులోంచి గాలి వస్తే చప్పుడూ వస్తుందన్నది ఇంటర్మీడియెట్ ఫిజిక్సు. తలుపు అడుగున ఒక రబ్బరు పట్టీ కొట్టించడానికి ఎంతవుతుంది? స్నానాలగదిని వరండా వైపు, మంచాన్ని దానికి లోపలి వైపు పెడితే, వరండా చప్పుడు చాలామటుకు స్నానాలగదే అడ్డుకుంటుంది. దీనికయితే ఖర్చే లేదు. ప్లానులో పెన్సిలు అటు తిప్పాలి, అంతే.

వెలుతురు సంగతి. మన లాడ్జి గదిలో మంచానికి సరిగ్గా ఎదురుగా తెల్లటి ట్యూబులైటు. అది ఆర్పడానికి తలుపు దాకా వెళ్ళాలి. ఆర్పి చీకట్లో వెనక్కి వస్తూ మంచం కోడుకి కాలివేలు తగిలించుకోవాలి. రాత్రివేళ తెల్లటి, నీలం పాలు ఎక్కువగా ఉన్న వెలుతురు నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోనుని అణచి ఉంచుతుంది. కాబట్టి తలాపున పసుప్పచ్చటి చిన్న దీపం, దాని స్విచ్చి పడుకున్నవాడి చేతికందే చోట ఉండాలి. పరీక్షకి వెళ్ళిన కుర్రాడు ఆఖరి పేజీలు తిరగేసుకోవడానికి ఒక బల్ల, ఒక కుర్చీ. ఎన్నో గదుల్లో గోడ నిండా టీవీ ఉంటుంది గానీ పుస్తకం పెట్టుకునే జానెడు బల్ల ఉండదు.

అన్నింటికంటె ముఖ్యం గాలి. చాలామంది అపోహ ఏమిటంటే, ఏసీ పెడితే మంచి గాలి వస్తుందని. మన లాడ్జీల్లో గోడకి తగిలించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కిటికీకి అద్దం బిగించేసి, ముగ్గురు మనుషులు రాత్రంతా అందులో ఊపిరి వదిలితే పొద్దున్న తల దిమ్మెక్కక ఏమవుతుంది? స్నానాలగదిలో ఒక ఎగ్జాస్టు ఫాను, తెరుచుకునే ఒక కిటికీ, దానికి దోమల జాలీ - ఇదీ నా దృష్టిలో వెల్‌నెస్. గాలిని, నీటిని అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో పెద్ద హోటళ్ళకే అనుభవమైంది. 1976 జూలైలో ఫిలడెల్ఫియాలో బెలెవ్యూ-స్ట్రాట్‌ఫర్డ్ అనే పేరుమోసిన హోటల్లో మాజీ సైనికుల మహాసభ జరిగింది. తర్వాత 221 మంది వింత న్యుమోనియాతో మంచం పట్టారు. 34 మంది పోయారు. ఆరు నెలల పరిశోధన తర్వాత తేలింది - అది నీటిలో పెరిగే ఒక బాక్టీరియా అని, ఏసీ యంత్రాంగం ద్వారా గాలిలోకి వ్యాపించిందని. దానికి లెజియొనెల్లా అని పేరు పెట్టారు. ఆ హోటలు ఆ సంవత్సరమే నవంబరులో మూతపడింది. దాని ముందు హాలు ఎంత వైభవంగా ఉండేదో ఫొటోలు చూస్తే తెలుస్తుంది.

కిటికీలోంచి కనబడేది కూడా ముఖ్యమే సుమండీ. రోజర్ అల్రిచ్ అనే ఆయన 1984లో ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషను చేయించుకున్న 46 మంది రికార్డులు పరిశీలించాడు. సగం మంది కిటికీలోంచి చెట్లు కనబడతాయి. తక్కిన సగం మందికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్ళు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికెళ్ళారు. ఘాటైన నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. ఒక్క చిన్న అధ్యయనంతో అంతా తేలిపోయిందని నేననను. కానీ ఇటుక గోడ చూస్తూ కోలుకోవడం కష్టమని చెప్పడానికి మనకి అమెరికా కూడా అక్కర్లేదు.

మన వేడికి, మన వానలకి తగ్గట్టు పెద్ద హోటలు కట్టడం సాధ్యమేనా అంటే, పక్కనే శ్రీలంక ఉంది. దంబుల్లా దగ్గర కందలామ చెరువు గట్టున జెఫ్రీ బావా అనే వాస్తుశిల్పి రూపొందించిన హోటలు 1994లో తెరిచారు. కొండరాతిని పగలగొట్టకుండా దాన్ని ఆనుకునే కట్టాడు. వరండాలకి అద్దాలూ లేవు, ఏసీలూ లేవు. గాలి దానంతటదే వీస్తుంది. పచ్చటి తీగలు కట్టడాన్ని కప్పేశాయి. అక్కడ హోటలు వద్దని మొదట్లో పెద్ద ఆందోళనే జరిగింది. చెరువు పాడవుతుందని ఊరి జనం భయపడడంలో న్యాయం లేకపోలేదు. అది సంపన్నుల హోటలన్న మాటా నిజమే. కానీ నీడ, గాలి సంపన్నుల సొత్తు కాదే! పడమటి గోడకి లోతైన సన్‌షేడు, వరండా చివర తెరుచుకునే ఒక జాలీ కిటికీ మన వంద రోజుల ఎండాకాలంలో ఏ లాడ్జికయినా అవసరమే. విజయవాడ ఎండలో పడమటి ముఖానికి నిలువెత్తు అద్దం అతికించి, లోపల ఏసీ బిల్లు చూసి ఏడవడం ఏం తెలివి?

ఇలా మాట్లాడితే యజమానుల దగ్గర ఒకటే సమాధానం: "మీరిచ్చే అద్దెకి ఇంతకంటె ఏం వస్తుంది బాబూ?" నిజంగా డబ్బే అడ్డమైతే ముందు హాల్లో ఆ గ్రానైటు ఎందుకు, ఆ షాండ్లియర్ ఎందుకు, రంగులు మార్చే దీపాలెందుకు? అతిథి ఆ హాల్లో ఉండేది రెండు నిమిషాలు, అదీ ఆధార్ జిరాక్సు ఇస్తూ. గదిలో ఉండేది పది గంటలు. అయినా ఫొటోలో కనబడేది హాలే కాబట్టి డబ్బంతా అక్కడే పోస్తారు. పెద్ద కంపెనీల తెలివీ ఇలాగే ఏడ్చింది లెండి! ‘వెస్టిన్’ హోటళ్ళవాళ్ళు 1999లో మంచి పరుపుతో ప్రత్యేకమైన మంచం పెట్టి, దానికొక పేరు కూడా పెట్టి ప్రచారం చేస్తే అదో పెద్ద సంచలనమైంది. మిగతా కంపెనీలు పోటీపడి పరుపులు మార్చాయి. హోటల్లో మంచం ముఖ్యమని కనుక్కోవడానికి ఇరవయ్యో శతాబ్దం అయిపోవచ్చింది!

స్నానాలగది గురించి ఎక్కువ చెప్పను. నేల వాలు జాలీ వైపు ఉండాలి, తలుపు వైపు కాదు. ముసలివాళ్ళు పట్టుకు లేవడానికి గోడకొక కడ్డీ, జారని బండలు. బట్టలు తగిలించుకోవడానికి ఒక కొక్కెం. ఈ నాలుగూ ఉన్న లాడ్జిని చూపించినవారికి దండం పెడతాను.

ఆడపిల్లల విషయం వేరే చెప్పాలి. మన కాలేజీ అమ్మాయిలు పరీక్షలకి, ఇంటర్వ్యూలకి ఒంటరిగా వెళ్తున్నారు. "సింగిల్ లేడీస్‌కి గది ఇవ్వం" అని కౌంటర్లో మొహం మీద చెప్పించుకుని, చీకటిపడ్డాక రెండో చోటు వెతుక్కున్న అనుభవం మా క్లాసులోనే ముగ్గురికి ఉంది. గది దొరికితే గొళ్ళెం వదులు, వెంటిలేటరుకి అద్దం లేదు, వరండాలో దీపం లేదు. ఆ అమ్మాయి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. ఎడమ మెదడు ఒక్కటే కాదు, మొత్తం మనిషే కాపలా! లోపలినుంచి పడే గట్టి గడియ, బయట ఎవరున్నారో చూసుకునే చిన్న కన్నం, వెలుతురున్న వరండా, రాత్రి కౌంటర్లో ఒక ఆడమనిషి. ఇవి లేని చోట మరే సౌకర్యం గురించి మాట్లాడినా ఎగతాళిగానే ఉంటుంది.

మరొక సంగతి. అతిథి సుఖం గురించి ఇంత మాట్లాడేవాళ్ళు రూమ్ బాయ్ ఎక్కడ పడుకుంటాడో అడగరు. చాలాచోట్ల మెట్ల కింద, లేకపోతే డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన. రాత్రి రెండింటికి బెల్లు కొడితే లేచి నీళ్ళ సీసా పట్టుకొచ్చే కుర్రాడు, పొద్దున్న ఆరింటికి నవ్వుతూ కాఫీ తేవాలట! ఏ గదిలో నీళ్ళు కారతాయో, ఏ ఫాను కిర్రుమంటుందో, ఏ గదిని అతిథులు మార్చమంటారో అతనికి కంఠతా వచ్చు. వారానికి ఒక అరగంట అతన్ని కూర్చోబెట్టి అడిగితే యజమానికి కన్సల్టెంటు ఖర్చు తప్పుతుంది. కానీ ముందు అతనికి ఒక మంచం వెయ్యాలి.

మన పూర్వ విద్యార్థుల్లో కాంట్రాక్టర్లున్నారు, ప్లాన్లు గీసేవారున్నారు, సొంతంగా లాడ్జీలు నడిపేవారూ ఉన్నారు. వారికి నా మనవి: కట్టిన గదిలో తాళం వేసేముందు మీరే ఒక రాత్రి పడుకోండి, కుటుంబంతో సహా. ఇక మన యూనియన్ చెయ్యగలిగిన పని ఒకటుంది. ఏటా వందలమంది మనవాళ్ళు పరీక్షలకి బయటి ఊళ్ళు వెళ్ళొస్తున్నారు. ఎక్కడ దిగారు, అద్దె ఎంత, చప్పుడు ఎలా ఉంది, గడియ పడుతుందా, కిటికీ తెరుచుకుంటుందా, ఒంటరి అమ్మాయికి గది ఇచ్చారా - ఈ వివరాలు రాయడానికి హాస్టలు ఆఫీసులో ఒక పెద్ద నోటుబుక్కు పెడితే చాలు. రాసినవాళ్ళ పేరు అక్కర్లేదు. లాడ్జి ఉన్న వీధి, గది నంబరు, తేదీ రాస్తే సరిపోతుంది. వచ్చే ఏడాది పరీక్షల సీజను మొదలయ్యే లోపు దాన్ని ఊళ్ళవారీగా విడగొట్టి నోటీసు బోర్డుకి అంటించే పని మా సివిల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం వాళ్ళు తీసుకుంటామంటున్నారు. నోటుబుక్కు కొనిపెట్టడమే యూనియన్ వంతు.